గోటి మొదట్లో తోలు కత్తిరిస్తే ఇంకా మందంగా వస్తోంది, బొటనవేలి గోళ్ల మీద గీతలు కూడా. ఏం చేయాలి?

నీలి_సిరా:
హాయ్ అందరికీ, వినడానికి చిన్న విషయమే కానీ విసుగొచ్చేసింది. నాకు గోళ్ల పక్కన ఎప్పుడూ తోలు లేస్తూనే ఉంటుంది, కనపడితే చాలు పళ్లతోనో పక్క వేలి గోటితోనో లాగేస్తా, అది కిందిదాకా చీరుకుపోయి రక్తం వస్తుంది, ఇక రెండు రోజులు సబ్బు తగిలితే చుర్రుమంటుంది. చేతులు కాస్త నీట్‌గా ఉంటాయని పోయిన నెల మానిక్యూర్ చేయించా, వాళ్లు గోటి మొదట్లో ఉండే తోలంతా నిప్పర్‌తో శుభ్రంగా కత్తిరించేశారు. మూడు రోజులు బాగానే ఉంది, నాలుగో రోజు ఉంగరపు వేలు ఎర్రగా వాచి రాత్రంతా ఒకటే సలుపు. అది తగ్గిందనుకోండి, కానీ ఇప్పుడు ఆ తోలు అంతకుముందు కంటే మందంగా, గరుగ్గా వస్తోంది. ఇంకోటి, రెండు బొటనవేలి గోళ్లకీ సరిగ్గా మధ్యలో అడ్డంగా గీతలు పడ్డాయి, ఒకదాని కింద ఒకటి మెట్లలాగా, మిగతా వేళ్లకి ఏం లేదు. కాల్షియం తక్కువై ఉంటుందని ఒకరు చెబితే టాబ్లెట్లు కూడా మొదలుపెట్టా. నా పని వల్ల రోజులో ఇరవై సార్లయినా చేతులు కడగాలి, మధ్యలో శానిటైజర్ కూడా. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి ప్లీజ్

గడపదాటని_పిల్లి:
అక్కా, ముందు ఆ కత్తిరించుకోవడం ఆపెయ్. అందరూ క్యూటికల్ అంటే పనికిరాని తోలు అనుకుంటారు గానీ అది గోటికీ చర్మానికీ మధ్య సీలు లాంటిది, కిటికీ అద్దం చుట్టూ లప్పం పెడతారు చూడు, అచ్చం అలాగే. అది ఉన్నంతసేపు నీళ్లు, సూక్ష్మక్రిములు లోపలికి పోవు, తీసేస్తే చర్మం మడత కింద సందు తెరుచుకుంటుంది. పైగా మానిక్యూర్‌లో కత్తిరించేది ఒట్టి క్యూటికల్ ఒక్కటే కాదు, దాని వెనకున్న బతికున్న చర్మం అంచు కూడా పోతుంది. దెబ్బ తగిలిన చర్మం గట్టిపడుతుంది కదా, నీకు మందంగా వస్తోందంటే అదే. మళ్లీ కత్తిరిస్తావు, మళ్లీ గట్టిపడుతుంది, ఇక దీనికి అంతుండదు.

మరీ అసహ్యంగా ఉందనిపిస్తే స్నానం అయ్యాక తోలు నానిపోయి ఉంటుంది కదా, అప్పుడు మెత్తటి తువ్వాలు వేలికి చుట్టి నెమ్మదిగా వెనక్కి ఒత్తు, అంతే. గట్టిగా నొక్కొద్దు, గోరు తయారయ్యే చోటు సరిగ్గా ఆ మడత కిందే ఉంటుంది.

రాత్రి_డ్యూటీ:
నేను నర్సుని, ఆ ఉంగరపు వేలి గురించి చెప్తా. మీకు వచ్చింది గోరుచుట్టు అండి. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు, ఆ సలుపు పడ్డవాళ్లకే తెలుస్తుంది. మళ్లీ వస్తే మొదట్లోనే, అంటే ఎరుపు, కొంచెం వాపు ఉన్నప్పుడే, గోరువెచ్చటి నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు పెట్టండి, చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. చీము పట్టి తెల్లగా ఉబ్బితే మాత్రం పిన్నీసుతో గుచ్చే సాహసాలు వద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్తే చిన్న గాటు పెట్టి తీసేస్తారు. ఎరుపు వేలు దాటి పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు. ఇంకోటి, వాపు బదులు చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా వచ్చి మంటగా ఉంటే అది హెర్పిస్ వైరస్ కావచ్చు, దాన్ని అస్సలు కోయకూడదు.

చేతులు కడగడం సంగతి: కడగడం మానలేం కదా, నేనూ మానలేను. జేబులో చిన్న పెట్రోలియం జెల్లీ డబ్బా పెట్టుకుంటా, కడిగి తుడుచుకున్నాక, వేళ్లు ఇంకా కొంచెం తడిగా ఉండగానే, గోటి మొదట్లో ఒక చుక్క రాసుకుంటా. సామాన్లు తోమేటప్పుడు రబ్బరు గ్లవ్స్, లోపల పల్చటి కాటన్ గ్లవ్స్, లేకపోతే చెమటకి లోపలే నానిపోతాయి. ఎప్పుడూ నీళ్లలో ఉండే చేతులకి ఆ సీలు ఊడిపోయి వారాల తరబడి మొదలు ఉబ్బి, ఎర్రగా, మెత్తగా ఉండిపోతుంది, అది ఆరు వారాలు దాటిందంటే సంగతి వేరు, ఫంగస్ క్రీము ఒక్కటే రాస్తూ కూర్చుంటే తగ్గదు, చేతులు పొడిగా ఉంచాలి, చర్మం డాక్టరుకి చూపించాలి.

లేచిన తోలు లాగకండి బాబూ. శుభ్రమైన చిన్న కత్తెరతో మొదలుకంటా కత్తిరించి జెల్లీ రాసేయండి. పళ్లతో కొరికితే నోట్లో క్రిములన్నీ ఆ గాయంలోకే పోతాయి.

మెత్తని_సుత్తి:
ఎవరూ గీతల గురించి మాట్లాడలేదేంటి? నీలి గారూ ఒక ప్రశ్న, ఫోన్ మాట్లాడేటప్పుడో ఏదైనా చదివేటప్పుడో మీ చూపుడువేలు ఏం చేస్తుంటుందో ఎప్పుడైనా గమనించారా?

నీలి_సిరా:
అర్థం కాలేదండి, ఏం చేస్తుంది?

మెత్తని_సుత్తి:
ఒక రోజు చూసి చెప్పండి. కాల్షియం మాత్రం కాదు, గోటి గట్టిదనం కెరాటిన్ అనే ప్రొటీన్ వల్ల, అందులో కాల్షియం ఉండేదే బహు తక్కువ.

పొడి_మేఘం:
ఈలోపు నాదో మాట, క్యూటికల్ రిమూవర్ అని జెల్ దొరుకుతుంది, కత్తిరించక్కర్లేదు, నేను వాడతా బానే ఉంది

గడపదాటని_పిల్లి:
బ్రో వాటిలో చాలావాటికి పొటాషియం హైడ్రాక్సైడో సోడియం హైడ్రాక్సైడో ఉంటుంది, అంటే క్షారం, చచ్చిన తోలుని కరిగిస్తుంది. డబ్బా మీద రాసిన నిమిషాలు దాటకుండా కడిగేస్తే సరే, కానీ అక్క వేళ్లు ఇప్పటికే చీరుకుపోయి ఉన్నాయి, దాని మీద అది పోస్తే చుక్కలు కనపడతాయి. పుండ్లు మానేదాకా వద్దు.

నీలి_సిరా:
మెత్తని సుత్తి గారూ!! దొరికిపోయాను. నిన్న మీటింగ్‌లో కూర్చుని చెయ్యి వైపు చూస్తే, చూపుడువేలి గోరు బొటనవేలి మొదలుని వెనక్కి తోస్తోంది, గీకుతోంది, మళ్లీ తోస్తోంది, గడియారం ముల్లులాగా ఆగకుండా. రెండో చెయ్యీ అదే పని. నాకసలు తెలీదు అలా చేస్తానని. మా ఆయన్ని అడిగితే "ఎప్పట్నించో చేస్తావుగా" అన్నారు తీరిగ్గా. చూస్తే బొటనవేళ్లకి క్యూటికల్ అసలు లేనే లేదు, గోటి మొదట్లో తెల్లటి చంద్రవంక కూడా మిగతా వేళ్లకంటే పెద్దగా కనిపిస్తోంది

మెత్తని_సుత్తి:
అదేనండి. నాకూ ఉండేది కాబట్టి పోల్చుకున్నా. దీన్ని హ్యాబిట్ టిక్ అంటారు, తోసిన ప్రతిసారీ కింద గోరు పుట్టే చోట ఒత్తిడి పడి ఒక గీత, గోరు పెరిగే కొద్దీ అది ముందుకి వస్తుంది, వెనక ఇంకోటి. మనసులో అనుకుంటే ఆగే అలవాటు కాదు, నేనైతే రెండు బొటనవేళ్ల మొదలుకీ పేపర్ టేపు చుట్టా, వేలు వెళ్లి టేపుకి తగిలినప్పుడల్లా ఓహో అని తెలిసేది. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, గోరు మొత్తం కొత్తగా రావడానికి ఆరు నెలలు పట్టొచ్చు, కాబట్టి రెండు వారాలకే అద్దం పెట్టుకుని చూడకండి. మొదట్లో నున్నటి గోరు ఒక గీతంత కనిపిస్తే ఆపగలిగినట్టే.

నీలి_సిరా:
టేపు చుట్టుకునే టైప్ చేస్తున్నా, ఇందాకట్నించి నాలుగు సార్లు తగిలింది 🤦

రాత్రి_డ్యూటీ:
తడిస్తే మార్చండి, తడి టేపు అలాగే ఉంచితే లోపల నానిపోయి మళ్లీ గోరుచుట్టే

నీలి_సిరా:
మార్చానండి. ఐదు.