‘నోనామాలు నైన’: వెంగమాంబ సీసంలో ఆ ‘నా’ దీర్ఘమేనా?

పద్యప్రియ:
తిరుమల వేంకటేశ్వరుని భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ తన కావ్యం వేంకటాచల మాహాత్మ్యంలో తన చదువు గురించి చెప్పుకొన్న సీసపద్యంలోని మొదటి పాదం నన్ను కొంతకాలంగా వదలడం లేదు. «నా చిన్ననాట నోనామాలు నైన నాచార్యుల చెంత నే జదువలేదు» అని నాకు గుర్తు. అయితే మా పెద్దలు దీన్ని ‘ఓనమాలైన’ అని హ్రస్వంతోనే చదివేవారు. ‘ఓం నమః’ నుంచి వచ్చిన మాట గనుక హ్రస్వమే న్యాయమని నాకూ అనిపిస్తుంది. అచ్చులో దీర్ఘం ఎలా చేరింది?

గణపరీక్ష:
పద్యప్రియ గారూ, అది అచ్చులో చేరిన దీర్ఘం కాదు, గణాలు (గురులఘువుల నిర్ణీత వరుసలు) కోరిన దీర్ఘం. సీసపాదంలో ఆరు ఇంద్రగణాలు, వాటి తరువాత రెండు సూర్యగణాలు రావాలి. కుండలీకరణాల్లోవి గణాల పేర్లు: నాచిన్న (త), నాటనో (ర), నామాలు (త), నైననా (ర), చార్యుల (భ), చెంతనే (ర), ఆపై జదువ (న), లేదు (హ) అని పాదం చక్కగా నిలుస్తుంది. హ్రస్వం పెట్టి చూడండి, మూడో గణం ‘నమాలు’ అయి జగణమవుతుంది. ఇంద్రగణాలలో దానికి చోటు లేదు. పెద్దలు చదివింది వ్యవహారంలోని మాట, కవయిత్రి రాసింది ఛందస్సులోని మాట.

ద్విపదాభిమాని:
గణాల లెక్కతో నాకు పేచీ లేదు గాని, దీర్ఘం కేవలం ఛందస్సు కోసమే వచ్చిందనడం తొందరపాటు. ‘ఓనామాలు’ అనే పలుకుబడి జనంలో ఈనాటికీ ఉంది. వెంగమాంబ పుట్టిన తరిగొండ ప్రాంతంలో ఆ రూపమే వాడుకలో ఉండి, అదే ఆమె నోట సహజంగా వచ్చి ఉండవచ్చునని నా అభిప్రాయం. నన్ను అంతకంటే ఎక్కువగా ఆపేది ‘నాచార్యుల’ అనే చోటు. దీన్ని ‘నా ఆచార్యుల’ అని విడదీసి, ఆమె తన గురువునే కాదన్నదని అర్థం చెప్పేవారున్నారు. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి వద్ద ఆమె ఉపదేశం పొందిందని జీవితచరిత్రలన్నీ చెప్తుండగా ఈ అర్థం ఎలా పొసగుతుంది?

గణపరీక్ష:
ఆ విరుపు వ్యాకరణానికే నిలవదు. ‘నా’ తరువాత ‘ఆచార్యుల’ వస్తే సంధి జరగదు, యడాగమం వచ్చి (నడుమ యకారం చేరి) ‘నా యాచార్యుల’ అవుతుంది. ఇక్కడున్నది ‘ఐనన్’ చివరి ద్రుతం, అంటే నకారం, అది అచ్చుతో కలిసి ‘నైన నాచార్యుల’ అయింది. కాబట్టి చిన్ననాట ఏ ఉపాధ్యాయుడి దగ్గరా అక్షరాలు దిద్దలేదన్నదే అర్థం. అక్షరాభ్యాసం వేరు, తత్త్వోపదేశం వేరు గనుక సుబ్రహ్మణ్యశాస్త్రి ప్రసక్తికీ ఈ పాదానికీ విరోధం లేదు.

మొల్ల పాఠకురాలు:
మీరిద్దరూ ఒక అక్షరం దగ్గరే ఆగిపోయారు గాని, ఇలాంటి మాట మన మొల్ల ముందే చెప్పింది గదా! శబ్దాలూ సంధులూ తనకు తెలియవని వరుసగా ఏకరువు పెట్టి, గోపవరపు శ్రీకంఠమల్లేశుని వరం చేత కవిత్వం చెప్ప నేర్చానన్నది. భాగవతం పలికించేవాడు రామభద్రుడని పోతన అన్నాడు, వెంగమాంబ కూడా తన స్వామే తన చేత పలికించాడన్నది. అయితే పోతన మాటను భక్తుడి వినయంగా తీసుకొని, మొల్ల, వెంగమాంబల మాటలను మాత్రం నిజంగానే చదువు లేకపోవడానికి సాక్ష్యంగా తీసుకొంటున్నాం. ఈ తేడా నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. మొల్ల రామాయణంలోని తెలుగు నుడికారం ముందు ఎంత చదివిన కవి అయినా తలవంచవలసిందే.

గణపరీక్ష:
మీ మాటకు అదే సీసంలోని రెండో పాదం బలమిస్తుంది. «పరగ ఛందస్సులో పది పద్యములనైన నిక్కంబుగా నేను నేర్వలేదు» అన్న ఆ పాదంలోనే ‘పరగ’కు ‘పది’, ‘నిక్కంబు’కు ‘నేర్వ’ యతులు (నియత స్థానాల్లో అక్షరాల పొత్తులు) ఎక్కడా జారకుండా కుదిరాయి. ఛందస్సు నేర్వలేదన్న మాటను ఇంత నిర్దుష్టమైన ఛందస్సులో చెప్పిన కవయిత్రి ‘నామాలు’ దీర్ఘాన్ని తెలిసే పెట్టిందని నేనంటాను.

ద్విపదాభిమాని:
యతి చెవితోనూ పట్టుబడుతుందండీ. వెంగమాంబ సీసాలూ ద్విపదలూ మాత్రమే రాయలేదు. చెంచు నాటకం, శివ నాటకం, గోపీ నాటకం, ముక్తికాంతా విలాసం వంటి యక్షగానాలు ఆమెవి. దరువులూ ద్విపదలూ పాటగా చెవిన పడే ఆ ప్రక్రియలో ఇంతగా మెలగిన మనిషికి లయ పుస్తకంలోంచే రావాలన్న నియమం లేదు. 1817లో ఆమె తనువు చాలించాక కూడా తిరుమలలో ‘తాళ్లపాకవారి లాలి, తరిగొండమ్మ హారతి’ అన్న నానుడి నిలిచిందంటే, ఆమె కవిత్వం వినికిడిలోనూ ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. నాటకకర్త్రిగా ఆమెను పక్కనపెట్టి, భక్తురాలిగానే తలచుకోవడం మనం చేస్తున్న అన్యాయం.

పద్యప్రియ:
‘నాచార్యుల’ విషయంలో గణపరీక్ష గారి విరుపు నాకు నచ్చింది. దీర్ఘం సంగతి మాత్రం తేలినట్టు లేదు, ఎందుకంటే గణం కోరిన చోట దొరికిన రూపం వాడుకకు సాక్ష్యం కాదు. ఆమె యక్షగానాల వచనాలలో, అంటే గణాల నిర్బంధమే లేని చోట, ఈ మాట హ్రస్వంతో గాని దీర్ఘంతో గాని ఎవరికైనా కనబడిందా? కనబడితే ఏ నాటకమో, ఏ పాత్ర నోట వచ్చిందో కూడా దయచేసి తెలియజేయండి.