పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే 1850 నాటి అమెరికా చట్టం నుంచి కోర్టులో బయటపడ్డవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్ల గురించి పదో తరగతి పిల్లలకు చెప్పాలనుకుంటున్నాను. కాస్త సాయం కావాలి.

ఎలెన్, విలియం క్రాఫ్ట్ దంపతుల కథ మనసులోంచి పోవడం లేదు. 1848 డిసెంబరులో జార్జియాలోని మేకన్ నుంచి బయల్దేరారు. తెల్లగా ఉండే ఎలెన్ జబ్బుపడ్డ దొరలా మగవేషం వేసుకుంది, భర్త ఆమె నౌకరుగా నటించాడు. ఆమెకు రాయడం రాదు. హోటల్ రిజిస్టర్లో సంతకం పెట్టమంటారని కుడిచేతికి కట్టు కట్టుకుని మెడకు వేలాడదీసుకుంది. ఎంత ముందుచూపో చూడండి! రైళ్లు, స్టీమర్లు మారుతూ క్రిస్మస్ నాటికి ఫిలడెల్ఫియా చేరారు.

1850లో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టం కఠినం చేశాక, వాళ్లు స్థిరపడ్డ బోస్టన్‌లో కూడా వాళ్లకు రక్షణ లేకుండా పోయింది. ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఆ చట్టం చదువుతుంటే కడుపు రగిలిపోతోంది. పట్టుబడ్డ మనిషి తన తరఫున సాక్ష్యం చెప్పుకోకూడదు, జ్యూరీ ఉండదు. యజమానికి అప్పగిస్తే కేసు తేల్చే అధికారికి (కమిషనర్) 10 డాలర్లు, వదిలేస్తే 5. సాయం చేసినవాళ్లకు 1000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు.

మసాచుసెట్స్, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాలు దీనికి అడ్డుగా సొంత చట్టాలు చేశాయి కదా, వాటివల్ల నిజంగా విడుదలైనవాళ్లు ఎవరైనా ఉన్నారా? కెనడా చేరినవాళ్లను వెనక్కి పంపమని అడిగిన కేసులు మీకు తెలుసా? పిల్లలకు అర్థమయ్యేలా తెలుగులో పుస్తకమో వ్యాసమో ఉంటే దయచేసి చెప్పండి. ఇంగ్లీషులోదైనా ఫర్వాలేదు, నేనే తెలుగు చేసుకుంటాను.