ఇషాపూర్ 2ఏ1, లాంగ్ బ్రాంచ్ నంబర్ 4, మోసిన్: మొదటి రైఫిల్‌గా ఏది?

డాలస్_కొత్త:
ఇక్కడ ఒకే కొట్టులో మూడున్నాయి. 1967 ఇషాపూర్ 2ఏ1 (బెంగాల్ కార్ఖానాది, 7.62 నేటో తూటా), 1943 కెనడా లాంగ్ బ్రాంచ్ నంబర్ 4 మార్క్ 1 స్టార్ (.303), 1942 ఇజెవ్‌స్క్ మోసిన్ 91/30 (రష్యాది). ధరల్లో పెద్ద తేడా లేదు. ఒక్కటే కొంటాను, నెలకోసారైనా కాలుస్తాను. గ్రీన్‌కార్డు ఉంది. ఏది తీసుకోమంటారు?

రేంజ్_శీను:
కాల్చేదుంటే 2ఏ1, ఇంకో మాట లేదు. .303 దొరికినా ఖరీదెక్కువ. 7.62 నేటో అయితే ఎక్కడైనా ఉంటుంది. అది లేకపోతే దాని మార్కెట్ రకం .308 వేసుకోవచ్చు.

లాంగ్‌బ్రాంచ్_43:
కొత్తవాళ్లకి అలా చెప్పకండి శీను గారూ. 2ఏ1 అంటే పాత ఎస్ఎంఎల్ఈ (బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్) రిసీవర్‌కి, అంటే బోల్ట్ నడిచే ఉక్కు ఒంటికి, కొత్త బారెల్ బిగించిందే. .308 పీడనం 62,000 పీఎస్ఐ, నేటోది 50,000. చేతిలో పేలితే ఎవరు చూస్తారు?

పాతయినుము:
రెండూ తప్పే. 2ఏ1లు పాత రైఫిళ్లను మార్చి చేసినవి కావు. ఇషాపూర్‌లో 1960లలో ఇంకా గట్టి ఉక్కుతో, కొత్తగా, నేటో తూటా కోసమే చేశారు. పలకలుగా ఉండే 12 తూటాల మ్యాగజైన్ చూస్తేనే తెలుస్తుంది.

ఆ 50,000 రాగి ముక్క నలిగిన కొలతతో తీసిన అంకె. 62,000 ఎలక్ట్రానిక్ సెన్సర్‌తో తీసింది. రెంటినీ పక్కపక్కన పెట్టి తీసివేత చేయకూడదు. రాగి కొలతలో .308 అంకె 52,000. అసలు చూడాల్సింది హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరం. దాన్ని కొలిచే గేజుల్లో .308 గో గేజ్ (కింది హద్దు) 1.630 అంగుళాలు. నేటో ఫీల్డ్ గేజ్ (పై హద్దు) 1.6455 వరకు పోనిస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్‌కి లాకింగ్ వెనకవైపు, కాబట్టి కాల్చినప్పుడల్లా యాక్షన్ కాస్త సాగుతుంది, దాంతోపాటు కేసూ (తూటా ఇత్తడి గొట్టం) సాగుతుంది. మార్కెట్ .308 కేసు గోడ మిలిటరీ కేసు కంటే పలచన. కాల్చిన కేసు అడుగు నుంచి కొంచెం పైన మెరిసే గీత కనబడితే, పేపర్ క్లిప్ కొన వంచి లోపల గీరి చూడండి. గాడి తగిలితే పారేయండి, ఇంకోసారి అక్కడే తెగుతుంది. ముందు గేజ్ పెట్టించండి. తూటా అడుగున వలయంలో కూడిక గుర్తు ఉన్న నేటో సరుకే వాడండి.

లాంగ్‌బ్రాంచ్_43:
52,000 అంటే 50,000 కంటే ఎక్కువేగా?

పాతయినుము:
నాలుగు శాతం. నేను చెప్పింది హెడ్‌స్పేస్ గురించి.

లాంగ్‌బ్రాంచ్_43:
ఎక్కువా, కాదా? అది చెప్పండి చాలు.

హన్మకొండ_రవి:
మనకిక్కడ .303 అయినా 7.62 అయినా ప్రొహిబిటెడ్ బోరే, మామూలు లైసెన్సుకి ఇవ్వరు, చదువుకోవడమే మిగిలింది. మోసిన్ గురించి ఎవరూ మాట్లాడరేం?

రేంజ్_శీను:
మోసిన్ చెడ్డదేం కాదు. యుద్ధం తర్వాత సోవియట్ ఆర్సెనల్‌లో మరమ్మతు అయినవే ఎక్కువ. బోల్ట్ మీద పాత నంబరు కొట్టేసి కొత్తది చెక్కుతారు. మూతి దగ్గర రైఫ్లింగ్ (బారెల్ లోపలి గాడులు) అరిగితే ఆ కాస్తా వెడల్పుగా తొలిచేస్తారు (కౌంటర్‌బోర్), లైటు వేసి చూడండి. పది తూటాలకే బోల్ట్ బిగుసుకుంటే చాంబర్‌లో కాస్మొలిన్ (తుప్పు పట్టకుండా పూసే గ్రీజు) గడ్డకట్టి ఉన్నట్టు. ఇత్తడి బ్రష్, మినరల్ స్పిరిట్స్‌తో వదులుతుంది. పాత మిలిటరీ తూటాలు కాలిస్తే అదే రోజు ముందు వేడినీళ్లు పొయ్యండి. ప్రైమర్ వదిలే ఉప్పు నీళ్లకే కరుగుతుంది, నూనెకి కరగదు. నీళ్లయ్యాకే నూనె.

సత్తి_హ్యూస్టన్:
హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇది చదివి కొట్టుకి పోకండి. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

లాంగ్‌బ్రాంచ్_43:
డాలస్ గారూ, నంబర్ 4 తీసుకోండి. బోల్ట్ హెడ్‌లు 0 నుంచి 3 దాకా సైజులు, హెడ్‌స్పేస్ తేలిగ్గా సరిచేసుకోవచ్చు. .303కి గో 0.064, పై హద్దు 0.074. మీది మార్క్ 1 స్టార్ కాబట్టి బోల్ట్ హెడ్ నడిచే పట్టాలో కోత ఉంటుంది, దాని అంచు పెచ్చు లేచిందేమో వేలితో తడమండి. లేచి ఉంటే బోల్ట్ లాగినప్పుడు హెడ్ పట్టా తప్పుతుంది. బారెల్‌లో గాడులు రెండే ఉంటే కంగారు పడొద్దు, యుద్ధకాలంలో అలా చేశారు. అడుగు బల్లపరుపుగా ఉన్న బుల్లెట్ వేస్తే బాగా కాలుస్తుంది.

ఇషాపూర్‌ది చూడండి: ఒళ్లంతా నల్లరంగు, ముందు చెక్కకి అడ్డంగా మర. దాన్ని కలెక్షన్ అంటారా? కొన్నా, రంగు గీకించి, చెక్క సాండింగ్ చేయించి, బ్లూయింగ్ పట్టించాల్సిందే.

పాతయినుము:
సాండింగ్ మాట ఎత్తకండి! చెక్క మీద ముద్రలు పోయాక అది ఏ రైఫిలో మీరే చెప్పలేరు. ఆ మర అతుకు కాదు, చెక్క చీలకుండా ఇషాపూర్ వాళ్లు కావాలని పెట్టింది. నల్లరంగు తుప్పుకి. వర్షాకాలం తెలిసినవాళ్ల పని అది. మట్టి వదలాలంటే మినరల్ స్పిరిట్స్‌తో తుడిచి, పచ్చి అవిసె నూనె పలచగా పట్టించి, అరగంటలో తుడిచెయ్యండి. అంతే.

మీ లాంగ్ బ్రాంచ్ రిసీవర్ ఎడమవైపు ఎఫ్‌టీఆర్ అని ఉందా?

లాంగ్‌బ్రాంచ్_43:
ఉంది. అయితే ఏంటి?

పాతయినుము:
అంటే కార్ఖానాలో పూర్తిగా మరమ్మతు అయినట్టు, ఎక్కువగా యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో. వాళ్లు పూసింది కూడా నల్లరంగే, సన్‌కొరైట్. అది గీకారా?

లాంగ్‌బ్రాంచ్_43:
అది వేరే. అది ఆర్సెనల్ పని, లెక్క ప్రకారం చేసింది.

పాతయినుము:
ఇషాపూర్ ఆర్సెనల్ కాదా? ఇంతసేపూ 52,000 అని పట్టుకు వేలాడింది ఇందుకా? తెల్లవాడు పూస్తే చరిత్ర, మనవాడు పూస్తే మురికి. అదేనా?

లాంగ్‌బ్రాంచ్_43:
నా మాటలకి మీరు అర్థాలు తీయొద్దు. ఇషాపూర్ పనితనం మొరటు. ఆ మాట మీద నిలబడతాను.

హన్మకొండ_రవి:
అన్నా, ఇద్దరూ కాస్త ఆగండి. అడిగినాయన పోయినట్టున్నాడు.

డాలస్_కొత్త:
ఇక్కడే ఉన్నాను. ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. మూడిట్లో 2ఏ1 బోరే మెరుస్తోంది. దాని మీద, బోల్ట్ మీద నంబర్లు కలిశాయి. బట్ (వెనక చెక్క) మాత్రం కొంచెం ఊగుతోంది. బట్ ప్లేటు మూత తీసి పొడుగు స్క్రూడ్రైవర్‌తో బిగించి ఇస్తానంటున్నాడు కొట్టతను.

పాతయినుము:
వద్దు, ఆపండి! ఎస్ఎంఎల్ఈ వంశంలో బట్ బోల్ట్ ముందు కొస చతురస్రంగా ఉండి, ముందు చెక్క వెనక్కొసలో ఉన్న పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్క తీయకుండా తిప్పితే ఆ పలకా తిరిగి చెక్క చీలుతుంది. ముందు చెక్క విప్పండి, తర్వాత బోల్ట్ బిగించండి, కొస చతురస్రాన్ని పలకకి సరిగ్గా ఆనేలా ఆపండి, అప్పుడు చెక్క తిరిగి ఎక్కించండి. ట్రిగ్గర్ గార్డ్ ముందు మరకి లోపల చిన్న గొట్టం ఉంటుంది, అది పోగొట్టకండి. అది లేకుండా బిగిస్తే చెక్క నలిగి, గురి తప్పుతూనే ఉంటుంది.

లాంగ్‌బ్రాంచ్_43:
ఈ విషయంలో ఆయన చెప్పింది నిజం. కొట్టతని చేత చేయించకండి.