డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో డేవ్ ఆర్నెసన్ వాటా ఎంత?

ఆటగాళ్లు ఒక్కో పాత్రగా మారి కల్పిత లోకంలో సాహసాలు చేసే ఈ ఆట తొలినాళ్ల గురించి బాగా తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. 1974లో వచ్చిన మొదటి పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వాటి మీద గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పోరాటం దగ్గరికొచ్చేసరికి అవి 1971 నాటి చైన్‌మెయిల్ నియమాలు చూడమంటాయి. అది గైగాక్స్, జెఫ్ పెరెన్ రాసిన, సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట.

కానీ ఒక్కొక్కరూ ఒక్క పాత్రే పట్టుకుని, కోట కింద నేలమాళిగల్లో తిరుగుతూ, వారం వారం బలం పెంచుకుంటూ పోవడం ఆర్నెసన్ మినియాపొలిస్ ప్రాంతంలో నడిపిన బ్లాక్‌మూర్ అనే ఆటలో అప్పటికే ఉంది. నా దృష్టిలో ఆటకి ప్రాణం అదే. అయినా ఎక్కడ చూసినా గైగాక్స్ పేరే ముందు వినిపిస్తుంది. రాయల్టీల కోసం ఆర్నెసన్ 1979లో కోర్టుకెక్కాల్సి వచ్చింది కూడా.

ఏ నియమం ఎవరి దగ్గర మొదలైందో విడదీసి చెప్పే మంచి పుస్తకం ఏది? బ్లాక్‌మూర్‌లో స్వయంగా ఆడినవాళ్ల మాటలున్న ఇంటర్వ్యూలు ఏవైనా ఉంటే దయచేసి చెప్పండి.