పొల్లిలూరు గెలుపు తర్వాత హైదర్ మద్రాసు మీదికి వెళ్ళకపోవడం పొరపాటేనా?

నీవానది:
మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో 1782 డిసెంబరు 7న మైసూరు పాలకుడు హైదర్ అలీ కన్నుమూశాడు. రెండేళ్ళ కిందట చేతికి అందివచ్చిన మద్రాసు ఆయనకు చివరిదాకా దక్కలేదు. 1780 జులైలో చెంగం కనుమ దిగి ఆర్కాటు సీమను ముంచెత్తిన ఆయన, సెప్టెంబరు 10న కంచికి సమీపాన పొల్లిలూరు వద్ద ఇంగ్లీషు కర్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టాడు. బక్సరులో గెలిచిన ఇంగ్లీషు సేనాని హెక్టర్ మన్రో అంతటివాడు మర్నాడే బరువైన ఫిరంగులను కంచి కోనేటిలోకి తోయించి, తిండిగింజలు అయిపోయిన సేనతో చెంగల్పట్టు మీదుగా మద్రాసుకు తిరుగుముఖం పట్టాడు. అప్పుడు మొత్తం బలంతో వెంటపడకుండా ఆర్కాటు ముట్టడికి మళ్ళడం హైదర్ చేసిన పెద్ద పొరపాటని నా వాదన. ఆర్కాటు లొంగింది నవంబరు 3న, కలకత్తా నుంచి ఇంగ్లీషు సేనాధిపతి ఐర్ కూట్ మద్రాసులో దిగింది నవంబరు 5న. అంటే కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) ఊపిరి పీల్చుకోవడానికి హైదరే ఎనిమిది వారాలు గడువిచ్చినట్లయింది.

కోటవాకిలి:
నీవానది గారూ, మన్రోను దారిలోనే ఇంకా గట్టిగా దెబ్బతీయవలసిందన్నంతవరకు మీతో పేచీ లేదు. మద్రాసు కోట మాట వేరు. ఫ్రెంచి సేనాని లాలీ 1758 డిసెంబరులో దాన్ని చుట్టుముట్టి, రెండు నెలలు ఫిరంగులు పేల్చి, ఇంగ్లీషు ఓడలు కనబడగానే ముట్టడి ఎత్తివేశాడు. తూర్పు తీరంలో ఒక్క యుద్ధనౌక కూడా లేని హైదర్, సముద్రం వైపు తలుపు తెరిచే ఉన్న కోటను ఆకలితో ఎలా లొంగదీస్తాడు? పైగా 1769లో ఆయన మద్రాసు పొలిమేరల దాకా వెళ్ళి ఇంగ్లీషువారితో సంధి చేయించుకున్నాడు. తర్వాత మరాఠాలు మీదపడినప్పుడు ఆ సంధి ప్రకారం రావలసిన సాయం రానే లేదు. ఆ అనుభవం ఉన్న మనిషి ఈసారి కాగితం మీది మాట కంటే నవాబు రాజధాని ఆర్కాటునూ, దాని చుట్టూ ఉన్న పంట భూములనూ చేజిక్కించుకోవడమే మేలనుకున్నాడంటే తప్పుపట్టలేం.

పాతదస్త్రం:
ఇద్దరూ హైదర్ వైపు నుంచే చూస్తున్నారు. నా దృష్టిలో అసలు అవకాశం జారవిడుచుకున్నది ఇంగ్లీషువారే. గుంటూరు నుంచి వస్తున్న బెయిలీ ఆగస్టు 25న, మన నగరి ఏరు కలిసే కొసస్తలై నది ఒడ్డుకు చేరాడు. ఆనాడు నీళ్ళు తక్కువగానే ఉన్నాయి, అయినా దాటకుండా ఉత్తరపు గట్టునే గుడారాలు వేయించాడు. రాత్రికి వరద వచ్చింది, సెప్టెంబరు మొదటి వారం దాకా దారి ఇవ్వలేదు. ఈ సీమ ఏళ్ళ సంగతి తెలిసినవాడెవడూ ఆ పని చేయడు. తర్వాత 6వ తేదీన హైదర్ కొడుకు టిప్పు అతణ్ణి పెరంబాకం వద్ద అడ్డగించినప్పుడు, కొద్ది గంటల నడకలో ఉన్న మన్రో, కంచిలో పోగుచేసిన ధాన్యాన్ని విడిచి రాలేనని, కర్నల్ ఫ్లెచర్ వెంట వెయ్యి మందిని మాత్రం పంపి ఊరుకున్నాడు. అక్కడా ఇక్కడా చీలిన సేనలను హైదర్ విడివిడిగా పట్టుకోగలిగాడు.

నీవానది:
పాతదస్త్రం గారు చెప్పింది కాదనలేను, కానీ శత్రువు అంత తడబడుతున్నప్పుడే కదా వెంటపడవలసింది! కోట పడకపోయినా మన్రో సేన దారిలో చెదిరిపోయి ఉంటే కూట్‌కు కూర్చుకోవడానికి సేన మిగిలేది కాదు, 1781 జులైలో కడలూరు దగ్గరి పోర్టోనోవో వద్ద అతడు హైదర్ మీద గెలిచేవాడూ కాదు.

కోటవాకిలి:
పోర్టోనోవో దాకా వెళ్ళే ముందు 1781 ఫిబ్రవరిని చూడండి. కూట్ కడలూరులో బియ్యం అయిపోయి చిక్కుకున్నాడు, ఇంగ్లీషు నౌకాధిపతి హ్యూజ్ దళం పడమటి తీరంలో ఉంది, ఎదుట సముద్రంలో ఉన్నది ఫ్రెంచి నౌకాధిపతి దోర్వ్ ఓడలు. వాటిని అక్కడే నిలిపి ఉంచమని హైదర్ కోరాడు. దోర్వ్ వినకుండా లంగరెత్తి మారిషస్ వైపు వెళ్ళిపోయాడు, కూట్‌కు సముద్రం మీదుగా బియ్యం అందింది. పొల్లిలూరు మర్నాడు హైదర్‌కు లేని నౌకాబలం ఆనాడు కళ్ళెదుటే ఉంది. అందుకే చేజారిన అవకాశాల్లో నేను దీన్నే ముందు లెక్కిస్తాను, ఆ తప్పు హైదర్‌ది కాదనీ అంటాను.