రాష్ట్రపతి ఎన్నికకు 1971 జనాభా లెక్క ఉంచాలా, తీసేయాలా?

ఓరుగల్లు
రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. అందులో తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేది 159. రెండూ 1971 జనాభా మీద కట్టినవే. అప్పట్లో తెలంగాణ జిల్లాల జనం 1,57,02,122. దాన్ని 119 సీట్లతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే 131.95. భిన్నం సగం దాటింది కాబట్టి 132. ఇదే లెక్క 2011 జనాభాతో కట్టి చూడండి. తెలంగాణకు సుమారు 295, ఆంధ్రకు సుమారు 283 వస్తాయి. తలకిందులైంది కదా! రాజ్యాంగం 55వ అధికరణం అడిగేది రాష్ట్రాలన్నిటికీ ఒకే కొలత ఉండాలని. అర్ధ శతాబ్దం కిందటి జనాన్ని లెక్కబెట్టి ఇవాళ రాష్ట్రపతిని ఎన్నుకోవడం ఏం న్యాయం? కొత్త జనగణన అంకెలు రాగానే 1971ని వదిలేయాలి.

లెక్కలపంతులు
ఓరుగల్లు గారూ, భాగహారం సరిగ్గానే చేశారు, పోలిక దగ్గరే తేడా వచ్చింది. జనాభా పెరిగితే ఓటు విలువ అన్ని రాష్ట్రాలకూ పెరుగుతుంది. చూడాల్సింది వాటా. 2017 ఎన్నికలో దేశంలోని ఎమ్మెల్యేల ఓట్ల విలువ అంతా కలిపి 5,49,495. అందులో తెలంగాణది 15,708, అంటే 2.86 శాతం. 2011 జనాభాతో కడితే అది 2.9 అవుతుంది. మీకు కలిసొచ్చేది వెంట్రుకవాసి. ఆంధ్రకు మాత్రం 5.06 నుంచి 4.1కి పడిపోతుంది. కేరళ 3.9 నుంచి 2.8కి దిగుతుంది. యూపీ 15.3 నుంచి 16.5కి పెరుగుతుంది. హైదరాబాద్‌ను అమరావతితో పోలిస్తే అసలు సంగతి కనబడదు. లక్నోతో పోల్చండి.

ఇంకోటి. ఈ శాతాలన్నీ ఎమ్మెల్యేల సగానికే. ఎంపీల సగం విలువ దాన్నిబట్టే తేలుతుంది: ఎమ్మెల్యేల మొత్తాన్ని ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తారు. 2022లో జమ్మూ కశ్మీర్ అసెంబ్లీ లేదు, మొత్తం 5,43,231కి తగ్గింది, 776 మంది ఎంపీలకు పంచితే ఒక్కొక్కరికి 700 వచ్చింది. 2017లో అది 708. కాబట్టి మొత్తం ఎన్నికలో చూస్తే పైన చెప్పిన లాభనష్టాలను సగం చేసుకోవాలి.

పినాకిని
సగం చేసినా చిన్నదేం కాదు పంతులుగారూ. తమిళనాడు, కర్ణాటక, కేరళ, మన రెండు రాష్ట్రాలు కలిపితే ఎమ్మెల్యేల విలువలో 24.6 శాతం. 2011తో అది 20.8. సగం చేస్తే 1.9 పాయింట్ల నష్టం. 1969 రాష్ట్రపతి ఎన్నిక గుర్తు చేసుకోండి. ఈ ఎన్నికలో ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తాడు. మొదటి ప్రాధాన్య ఓట్లలో వి.వి. గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548. కావాల్సినవి 4,18,169, ఎవరికీ రాలేదు. వెనకబడ్డ అభ్యర్థులను తీసేస్తూ వాళ్ల ఓట్లలోని రెండో ప్రాధాన్యాలు కలుపుకుంటూ పోతే చివరికి గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. తేడా 14,650, అంటే సుమారు 1.75 శాతం. అలాంటి పోటీ మళ్లీ వస్తే 1.9 పాయింట్లు ఫలితాన్నే మార్చగలవు. 1976లో రాజ్యాంగ 42వ సవరణతో 1971 దగ్గర ఆపింది ఊరికే కాదు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రం అందుకు నష్టపోకూడదనే.

ఓరుగల్లు
వాటాల విషయంలో పంతులుగారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. మా లాభం దాదాపు సున్నా. అయినా నా మాట మారదు, ఎందుకంటే నేనడిగింది లాభం గురించి కాదు. యూపీలో 1971 తర్వాత పుట్టినవాడు మనిషి కాడా?

1969 ఉదాహరణ మీ వాదనకు ఎదురు తిరుగుతుంది పినాకిని గారూ. సంజీవరెడ్డిది అనంతపురం జిల్లా, గిరిది బరంపురంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇద్దరూ మనవాళ్లే. ఆ ఓట్లు ప్రాంతాన్ని బట్టి చీలలేదు, కాంగ్రెస్ చీలికను బట్టి చీలాయి. ఈ ఎన్నికకు విప్ (ఫలానావారికే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఉండదు, ఓటు రహస్యం. ఎమ్మెల్యేకు గులాబీ బ్యాలెట్, ఎంపీకి ఆకుపచ్చది, ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదా సిరా పెన్నుతో అంకె వేయాలి, అంతే. దక్షిణాది అంతా ఒక్క గంపలో పడుతుందని లెక్కలు వేయడం నిలబడదు.

పినాకిని
ఒక్క గంపలో పడదు, నిజమే. నా 1.9ని ఫలితంతో నేరుగా ముడిపెట్టడం తొందరపాటు. కానీ ఎమ్మెల్యేలను ఈ ఎన్నికలోకి తెచ్చింది ఎందుకు? జనాన్ని లెక్కబెట్టడమే ముఖ్యమైతే లోక్‌సభ ఒక్కటే సరిపోయేది. గవర్నర్ ఆపి పంపిన రాష్ట్ర బిల్లు 201వ అధికరణం కింద వెళ్లేది రాష్ట్రపతి దగ్గరికే. తెలంగాణ బిల్లును 3వ అధికరణం కింద ఉమ్మడి అసెంబ్లీకి పంపిందీ రాష్ట్రపతే. రాష్ట్రాలకు రాష్ట్రాలుగా ఇందులో మాట ఉండాలి. లోక్‌సభ సీట్లు ఎలా మారినా, ఈ ఒక్క చోట 1971ని ఉంచితే తప్పేమిటి?

గోదారిగట్టు
ఉంచడం, వదలడం అని రెండు పక్కలా సమానంగా మాట్లాడుతున్నారు గానీ చట్టం అలా లేదు. 84వ సవరణ ప్రకారం 55వ అధికరణం వివరణలో ఉన్నది ఇదీ: 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెలు ప్రచురించేదాకా 1971. ప్రచురించిన రోజున అదంతట అదే పోతుంది. దానికి డీలిమిటేషన్ (సీట్ల పునర్విభజన) అక్కర్లేదు, పార్లమెంటు ఓటూ అక్కర్లేదు. జనగణనకు ప్రమాణ తేదీ, అంటే ఏ రోజుకి ఉన్న జనాన్ని లెక్కిస్తారో ఆ తేదీ, 2027 మార్చి 1, ముర్ము గారి పదవీకాలం ముగిసేది అదే ఏడు జులైలో. ఆ లోపు అంకెలు ప్రచురణ కాకపోతే ఆ ఎన్నిక పాత విలువలతోనే.

ఆ తర్వాత సీట్ల పునర్విభజన ఆలస్యమైతే కొత్త జనాభాను పాత 119తో, 175తో భాగించాల్సి వస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లోని 153, 225 సీట్లు వచ్చినా రాష్ట్రం మొత్తం విలువ మారదు, ఒక్కో ఎమ్మెల్యే వంతు తగ్గుతుందంతే.

పినాకిని గారు కోరింది జరగాలంటే కొత్త సవరణ కావాలి. రాజ్యాంగ సవరణ పద్ధతి చెప్పే 368వ అధికరణంలోని ప్రత్యేక జాబితాలో 55వ అధికరణం ఉంది కాబట్టి ఉభయ సభల్లో మూడింట రెండొంతులు గెలిస్తే చాలదు, సగం రాష్ట్రాల అసెంబ్లీలు కూడా ఆమోదించాలి. అదీ అంకెల ప్రచురణకు ముందే.