మాట్లాడే చిలుకను ఎంచుకోవడం: పెంచినవారి అనుభవాలు

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం):
అందరికీ నమస్కారం. అమ్మ పోయినప్పటి నుంచి మా నాన్నగారు పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. వారి చిన్నతనంలో వసారాలో పంజరం వేలాడుతుండేదనీ, అందులోని రామచిలుక గడప తొక్కిన ప్రతివారినీ "ఎవరొచ్చారు, ఎవరొచ్చారు" అని పలకరించేదనీ తరచుగా చెబుతుంటారు గనుక, అటువంటి చిలుకనొకదాన్ని తెచ్చి ఇవ్వాలని నా కోరిక. వారికి 71 ఏళ్లు, కొద్దిగా ఉబ్బసం ఉంది. ఏ జాతి అనువుగా ఉంటుందో పెంచినవారు తెలుపగలరు.

మౌలాలి మిత్రుడు:
మొదట రామచిలుక ఆలోచన విరమించుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం రామచిలుక రెండో షెడ్యూలులో, అంటే రక్షిత ప్రాణుల జాబితాలో ఉంది. పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. బజారులో రహస్యంగా అమ్మే పిల్లలు చెట్టు తొర్రల నుంచి ఈకలు రాకముందే తీసినవి. చిలుక జోస్యం చెప్పేవారి పక్షికి సైతం ఈ చట్టంలో మినహాయింపు లేదు.

వాల్తేరు వాసి:
పై మాట నిజమే. మన నేల చిలుకలు కాక, పంజరాలలోనే తరతరాలుగా పుట్టి పెరుగుతున్న విదేశీ జాతులలో వెదకండి. నేను పదకొండేళ్లుగా బడ్జీలను పెంచుతున్నాను. మన దుకాణాలలో వీటినే లవ్‌బర్డ్స్ అని అమ్ముతారు గాని, అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికాకు చెందిన వేరే జాతి, అవి మాట్లాడడం బహు అరుదు. బడ్జీ ఆస్ట్రేలియా పక్షి, అరచేతిలో ఇమిడిపోతుంది. పిట్ట కొంచెమైనా కూత ఘనమే: పక్ అనే బడ్జీ 1,728 మాటలు పలికినట్టు గిన్నిస్ పుస్తకంలో నమోదయింది. మా ఇంటి పక్షి తొమ్మిది మాటల దగ్గర ఆగిపోయింది, అవి కూడా ఎంత వేగంగా అంటుందంటే, కొత్తవారికి కిచకిచలుగానే వినిపిస్తాయి.

బూడిద నేస్తం (హైదరాబాద్):
స్పష్టమైన మాట కావాలంటే ఆఫ్రికన్ గ్రే అనే బూడిదరంగు చిలుకకు సాటి లేదు. 1977లో ఒక దుకాణంలో కొన్న అలెక్స్ అనే గ్రేకు శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ నేర్పిన రంగులు, ఆకారాలు, అంకెల సంగతి చాలామంది వినే ఉంటారు. అయినా మీకు దీన్ని సిఫారసు చేయలేను. మా గ్రే పద్నాలుగు నెలలు మౌనంగా ఉండి, చివరికి మొదట అందుకున్నది మేము రోజూ కూర్చుని నేర్పిన "నమస్కారం" కాదు, ప్రెషర్ కుక్కర్ కూత. నా గొంతుతో మా ఆవిడను పిలిచి, ఆవిడ వంటగదిలో నుంచి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. ఒకసారి పెళ్లికని నాలుగు రోజులు ఊరు వెళ్లివస్తే, రొమ్ము మీది ఈకలను తానే పీకేసుకుని కనబడింది; అవి తిరిగి మొలవడానికి నెలలు పట్టింది. నలభై ఏళ్లకు మించి బ్రతకగల పక్షిని 71 ఏళ్ల వారి చేతికి ఇచ్చేటప్పుడు, తరువాత ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకోవాలి. 2017 నుంచి ఇది సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. 2024 నిబంధనల ప్రకారం ఇటువంటి పక్షిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయడం తప్పనిసరి కాబట్టి, కాగితాలు లేని పక్షిని ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు. బడ్జీలు, కాక్‌టీల్‌లు (తలపై జుట్టుండే చిన్న ఆస్ట్రేలియా చిలుకలు) సైటిస్ జాబితాలో లేవు.

పల్లె పశువైద్యుడు:
ఉబ్బసం సంగతిని ఎవరూ పట్టించుకోలేదు, నా దృష్టిలో ముందు చూడవలసింది అదే. ఆఫ్రికన్ గ్రే, కాక్‌టీల్, కాకటూల ఈకల నుంచి పిండి వంటి ధూళి ఎడతెగక రాలుతుంది. ఉబ్బసం ఉన్నవారి ఇంట ఈ మూడూ తగవు. బడ్జీలలో ధూళి తక్కువే గాని, లేకపోలేదు. పంజరాన్ని పడకగదిలో పెట్టకండి. వేడెక్కిన నాన్‌స్టిక్ పెనం పొగకు పక్షులు నిమిషాల్లో చనిపోతాయి కనుక, వంటింటి పక్కన కూడా వద్దు. అవకాడో, చాక్లెట్ విషం. పొద్దుతిరుగుడు గింజలే మేతగా వేస్తే కాలేయానికి కొవ్వు పడుతుంది. కొర్రలు, తోటకూర, క్యారెట్, జామ ముక్క పెట్టండి. పచ్చిమిర్చి కారం వాటికి తెలియదు. ఇక వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు వస్తాయని అడిగేవారు నాకు ఇప్పటికీ ఎదురవుతుంటారు. వసపిట్ట అన్న పేరు వాడుకలో ఎంత పాతదైనా, చిలుక పలుకు పుట్టేది శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉన్న సిరింక్స్ అనే స్వరాంగంలో. దానికి వసతో పని లేదు.

శాన్ హోసే సుమ:
మాకు క్వేకర్ చిలుక కావాలని ఉండేది, అది బాగా మాట్లాడుతుంది. కాలిఫోర్నియాలో దానిపై నిషేధం ఉండడంతో గ్రీన్ చీక్ కాన్యూర్‌ను తెచ్చుకున్నాము. అరుపు ఎక్కువ, మాట తక్కువ. ఆరు నెలలు ఉండి వెళ్లిన మా అమ్మ ఫోను ఎత్తగానే "ఆఁ, చెప్పు" అనేది. రెండేళ్లయినా, ఫోను మోగితే మాకంటే ముందు మా పక్షి ఆ మాట అంటుంది. నేను ఏడాది పాటు నేర్పిన పద్యపాదం మాత్రం ఒక్క అక్షరం రాలేదు. పక్షి తనకు నచ్చిన సందర్భంలో విన్న మాటనే పట్టుకుంటుందని నాకు అనిపిస్తుంది.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారి ఊపిరితిత్తుల వైద్యుణ్ని అడిగాను. ముందుగా పక్షులున్న ఇంట్లో రోజూ కొంతసేపు కూర్చోబెట్టి చూడమన్నారు. మా వీధిలో ఒకరింట బడ్జీలు ఉన్నాయి, ఈ వారం వెళుతున్నాము. ఇబ్బంది లేకపోతే మగ బడ్జీ పిల్లను తెద్దామనుకుంటున్నాను. మగదని ఎలా గుర్తుపట్టాలి? "ఎవరొచ్చారు" అంటుందా?

వాల్తేరు వాసి:
ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తని పట్టీని చూడండి. ఎదిగిన మగదానికి అది నీలం, ఆడదానికి గోధుమరంగు అని దుకాణదారు చెబుతాడు, అది నిజమే. కానీ మీరు కొనేది పిల్ల గనుక ఆ లెక్క పనికిరాదు. మగపిల్లకు పట్టీ అంతటా ఒకే గులాబీ, ఊదా ఛాయ ఉంటుంది, ఆడపిల్లకు రంధ్రాల చుట్టూ తెల్లని వలయం కనిపిస్తుంది. నుదుటి మీది నల్లని చారలు ఆ పట్టీ వరకు దిగి ఉంటే, ఇంకా నాలుగు నెలలు నిండనిదని అర్థం. ఒక్కటే తెండి, జంటగా తెస్తే తమలో తామే మాట్లాడుకుంటాయి. అలాగని ఒంటరిగా వదిలేస్తే దిగులు పెట్టుకుంటుంది, నాన్నగారు రోజూ దాని దగ్గర కొంతసేపు గడపాలి. గదిలోకి అడుగు పెట్టిన ప్రతిసారీ "ఎవరొచ్చారు" అని వారే నెమ్మదిగా అనాలి. మాదానికి మొదటి మాట రావడానికి మూడు నెలలు పట్టింది.